అన్నప్రాశన పీటల మీద బ్యాటరీల తగువు

ఇప్పుడు ఇంట్లో ఏ వస్తువు నీరసపడినా గోడకి చార్జింగు తగిలించి పడుకోబెడుతున్నాం గానీ, ఆ రోజుల్లో టీవీ రిమోటు మొరాయిస్తే ముందు దాని వీపు మీద రెండు చరిచేవాళ్ళం. అప్పటికీ దారికి రాకపోతే మూత తీసి, లోపలి బ్యాటరీలని బొటనవేలితో గిర్రున తిప్పేవాళ్ళం. అదీ పనిచెయ్యకపోతే బయటికి తీసి పంటితో కొరికి (నిజంగానే కొరికేవాళ్ళం, మా ఇంట్లో ప్రతి బ్యాటరీ మీదా ఎవరో ఒకరి పంటిగాట్లు ఉండేవి), డాబా మీద అమ్మ వడియాలు పెట్టిన పాతచీర అంచున ఎండబెట్టేవాళ్ళం. సాయంత్రం వడియాలతో పాటు అవీ కిందికి దిగేవి. చిత్రం ఏంటంటే, ఎండ తగిలిన బ్యాటరీ ఇంకొన్నాళ్ళు బతికేది. ఆ కాసిన్ని రోజులూ మాకు ఏదో సాధించేసినంత సంతోషంగా ఉండేది.

బ్యాటరీలకి మొహం వాచి ఇలా చేశామనుకునేరు. తణుకు బజారులో మా నాన్నగారికి ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టుండేది. వీధివైపు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఒక కర్టెన్. కర్టెన్‌కి అవతల కొత్త బ్యాటరీలు పెట్టెలకి పెట్టెలు, ఇవతల మేం ఎండబెట్టుకునేవి. "అమ్ముకునే సరుకు మనమే వాడేస్తే ఇంక కొట్టెందుకు?" అనేవారు నాన్నగారు. ఎప్పుడైనా దయతలచి కొత్త పెన్సిల్ బ్యాటరీలు ఒక జత లోపలికి పంపితే, అవి ఉద్యోగంలో చేరినట్టే. మొదటి పోస్టింగు నాయనమ్మ చేతి రేడియోలో. అందులో పాడే ఆవిడ గొంతు బొంగురుపోగానే టీవీ రిమోటుకి బదిలీ. రిమోటుని తీసుకెళ్ళి టీవీకి ఆనించి నొక్కితే గానీ ఛానెల్ మారని పరిస్థితి వచ్చాక హాల్లో గోడగడియారానికి. గడియారంలో ఎంత ముసలి బ్యాటరీ అయినా నెలల తరబడి లాక్కొచ్చేది. దాని రిటైర్మెంటు అక్కడే.

నేనప్పుడు బి.యస్సీ. రెండో ఏడు. ఇంట్లో నన్ను 'ప్రొఫెసరుగారు' అనేవారు. (పేరు పెట్టింది నాన్నగారే. మెచ్చుకుని పెట్టారని చాలాకాలం అనుకున్నాను.) ఆ వయసులో నాకున్న కోరిక ఒక్కటే. ఆ కర్టెన్ దాటి కొట్లో కూర్చోవాలి. నాన్నగారు ఎత్తుస్టూలు మీద కూర్చుని "రండి రండి, ఏం కావాలండి?" అంటూ వచ్చినవాళ్ళతో మాట్లాడుతుంటే కర్టెన్ సందులోంచి చూసి కుళ్ళుకునేదాన్ని. నేనూ కూర్చుంటానని అడిగినప్పుడల్లా ఒకటే జవాబు. "మన బజారులో ఏ కొట్లోనైనా ఆడపిల్ల కూర్చుందేంటమ్మా? చక్కగా చదువుకో. కొట్టు గొడవలు నీకెందుకు?" సరుకు సంగతి ఆయనకంటే నాకే ఎక్కువ తెలుసని నా నమ్మకం. దాన్ని రుజువు చేసే రోజు కోసం కాచుక్కూర్చున్నాను.

ఒకసారి స్నేహితురాలి పెళ్ళికి రాజమండ్రి వెళ్ళి, మెయిన్ రోడ్డు మీద ఒక కొట్టు అద్దంలో చార్జరు చూశాను. నాలుగు రీచార్జిబుల్ బ్యాటరీలతో సహా, ఎర్ర లైటు వెలుగుతూ. అంతే, నా భవిష్యత్తు అక్కడే కనబడింది. ఇంటికి తెచ్చి భోజనాల దగ్గర అందరి ముందూ పెట్టాను. నాన్నగారు కలుపుతున్న ముద్ద వదిలేసి దాన్ని ఎగాదిగా చూశారు. ఎంతకి కొన్నావనిగానీ ఎందుకు కొన్నావనిగానీ అడగలేదు. "ఎవరి కొట్లో కొన్నావు?" అన్నారు. చెప్పాను. "మన పిల్ల... పరాయి కొట్టు మెట్లెక్కి... బ్యాటరీలు కొందిటే!" అని అమ్మవైపు తిరిగారు. నేను ఎవరితోనో లేచిపోయి వచ్చినా ఆ గొంతు అంత వణికేది కాదేమో.

"మన దగ్గర ఇవి లేవు కదండీ నాన్నగారూ! ఇవి ఒకసారి కొంటే చాలు. అయిపోతే పారెయ్యక్కర్లేదు, మళ్ళీ చార్జింగు పెట్టుకోవడమే" అని నేను శాస్త్రీయంగా వివరించబోయాను. "పారెయ్యకపోతే మళ్ళీ మన కొట్టుకి ఎవరొస్తారే పిచ్చిదానా?" అన్నారాయన.

ఇల్లు రెండు పార్టీలుగా చీలింది. రెండు పార్టీలంటే, ఒకవైపు అందరూ, ఇంకోవైపు నేను. నాయనమ్మ "కరెంటు తాగిన వస్తువుని నా చెవి దగ్గర పెట్టుకోనంటే పెట్టుకోను" అని రేడియోని కొంగులో దాచేసుకుంది. అమ్మ "సీరియల్ టైములో నీ ప్రయోగాలు నా రిమోటు మీద చెయ్యకు" అంది. ఇంక మిగిలింది గోడగడియారం. హాలు మధ్యలో, వచ్చేపోయే ప్రతివాళ్ళకీ కనబడేలా ఉంటుంది కాబట్టి నా ఘనత చాటడానికి అదే సరైన చోటని, కుర్చీ ఎక్కి ముసలి బ్యాటరీని తీసేసి నా కొత్తదాన్ని ప్రతిష్ఠించాను. కొన్ని వారాలు గడియారం దివ్యంగా నడిచింది. రోజూ కాలేజీకి వెళుతూ దానివైపు గర్వంగా ఒక చూపు విసిరేదాన్ని.

ఇంతలో అక్క కొడుకు అన్నప్రాశన వచ్చింది. అది మా ఇంట్లోనే. బావగారు కాకినాడ నుంచి ఒక డిజిటల్ కెమెరా తెచ్చారు. ఫిల్ము లేకుండా ఫోటో పడుతుందన్న సంగతి మా బజారుకి అప్పటికింకా కొత్త. "మరదలు గారు ఫిజిక్సు కదా, ఆవిడే తీస్తారు" అని కెమెరా నా మెడలో వేశారు. అందులో పడేవి కూడా పెన్సిల్ బ్యాటరీలే. ఆ మాట వినగానే నాన్నగారు కొట్లోకి వెళ్ళి, ఆ ఇంటి చరిత్రలో మొదటిసారిగా, అడక్కుండానే కొత్త పెట్టె విప్పి తెచ్చారు. "మనవడి శుభకార్యం. మన కొట్టు సరుకే వెయ్యాలి" అన్నారు. ఎర్ర రంగువి, తళతళలాడుతున్నాయి. నేను కెమెరాలో వాటినే వేశాను.

తీరా పంతులుగారు హాల్లోకొచ్చి చేతి వాచీ చూసుకుంటూ, "ముహూర్తం దగ్గరపడిపోతోంది, ఇంకా పీటలే వాల్చలేదేంటండీ?" అన్నారు. అందరం ఒక్కసారిగా గోడవైపు చూశాం. ఇంకా బోలెడు టైముంది. అదే చెప్పారు నాన్నగారు. పంతులుగారు గడియారం కిందికి వెళ్ళి తలెత్తి, "సెకన్ల ముల్లు వణుకుతోంది గానీ కదలడం లేదండి" అన్నారు. హాలంతా నావైపు తిరిగింది. నాన్నగారి మొహం దీపావళి. "ఏం ప్రొఫెసరుగారూ, చార్జింగు అయిపోయిందా?" అన్నారు. "అక్కడికీ చెబుతూనే ఉన్నాను, కరెంటు తాగిన వస్తువని" అని నాయనమ్మ అందుకుంది. అక్క చీర కట్టుకుంటూనే పరిగెత్తుకొచ్చింది, పిల్లాడి మేనమామ అయిన మా తమ్ముడు సగం గడ్డంతో పీట మీద కూలబడ్డాడు, పంతులుగారు మంత్రాలు అందుకున్నారు. నాకు మాత్రం భూమి చీలిపోతే బాగుండుననిపించింది. ఇంక జన్మలో కొట్టు గుమ్మం తొక్కనివ్వరని తేలిపోయింది.

పాయసం నోటికి తగిలించే ఘట్టం మొదలైంది. నేను ఫ్లాష్ వెలిగించుకుంటూ గబగబా కొన్ని తీశాను. కెమెరా కుయ్యిమని కళ్ళు మూసుకుంది. "బ్యాటరీ అయిపోయిందండి" అన్నాను మెల్లిగా. "ఏంటి? ఇప్పుడే కదే పెట్టె విప్పింది!" అని నాన్నగారు ఇంకో జత అందించారు. ఇంకొన్ని ఫోటోలు పడ్డాయి, మళ్ళీ కుయ్యి. ఇంకో జత. మళ్ళీ కుయ్యి. నాన్నగారు ఈసారి ఏకంగా పెట్టె తెచ్చి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పాపం ఆయన నుదుటి మీద చెమట చూస్తే జాలేసింది. (అబద్ధం ఎందుకు, లోపల్లోపల చక్కిలిగింతలు కూడా పెట్టినట్టయింది.)

ఇంతలో చాప మీద పుస్తకం, పెన్ను, బంగారు గొలుసు, పువ్వులు, చిన్న కత్తి, నోట్లు వరసగా పేర్చారు. పిల్లాడు దేన్ని పట్టుకుంటే వాడి బతుకు అదే అని కదా! వాణ్ణి దింపగానే పాకడం మొదలుపెట్టాడు. కెమెరా చచ్చి పడుంది. బావగారు "తీయండి, తీయండి! ఈ ఒక్క ఫోటో పోయిందంటే మా అమ్మ నన్ను బతకనివ్వదు" అని గంతులేస్తున్నారు. నాకు ఏం తోచిందో, వంటింట్లోకి ఒక్క పరుగు తీశాను. అక్కడ ఫ్రిజ్ పక్కన, ఎవరూ వాడనివ్వక మిగిలిపోయిన నా బ్యాటరీలు చార్జర్లో ఉన్నాయి. రెండు లాక్కొచ్చి, కెమెరాలోని చచ్చినవాటిని చాప మీదికి విదిలించేసి, నావి వేసి బటన్ నొక్కాను. కెమెరా కళ్ళు తెరిచింది.

అదే క్షణంలో పిల్లాడు పుస్తకాన్ని దాటేశాడు. బంగారం వంక చూడనైనా లేదు. అక్క "నాన్నా, ఇటు, పెన్ను, పెన్ను" అంటూనే ఉంది. వాడు సరాసరి నేను విదిలించిన బ్యాటరీ దగ్గరికొచ్చి, దాన్ని పిడికిట పట్టుకుని నోట్లో పెట్టబోయాడు. నేను టక్కున నొక్కాను. అక్క కెవ్వుమని వచ్చి లాగేసుకుంది, వాడు ఆరున్నొక్క రాగం ఎత్తుకున్నాడు, నాయనమ్మ ముక్కున వేలేసుకుంది. ఆ గోలలో నాన్నగారి గొంతొక్కటి వినబడింది. "ఏది పట్టుకున్నాడు? మనదా, దానిదా?"

ఇంటిల్లిపాదీ అగ్గిపెట్టెంత స్క్రీన్ మీదికి వంగి తలలు ఢీకొట్టుకున్నాం. ఫోటో స్పష్టంగా ఉంది. బుజ్జి పిడికిట్లోంచి ఎర్రగా మెరుస్తున్న మా కొట్టు సరుకు. "మనదే! మనవడు మన కొట్టునే పట్టుకున్నాడు!" అని నాన్నగారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. పంతులుగారు కూడా "వ్యాపారం వృద్ధిలోకి వస్తుందండి" అని ఆశీర్వదించారు. నాకు వాదించాల్సిన అవసరం లేకపోయింది. నవ్వుతూ నవ్వుతూ నాన్నగారే ఆగి, కెమెరాని నా చేతుల్లోంచి తీసుకుని, "ఇంతకీ ఈ ఫోటో దేనితో తీశావు?" అన్నారు. "నావాటితోనండి" అన్నాను. ఆయన కెమెరాని మళ్ళీ నా చేతికిచ్చి, "ఇంకోటి తియ్యి" అన్నారు.

అక్కడి నుంచి మొదలుపెట్టి సాయంత్రం దాకా నాన్నగారు నా చేత ఫోటోలు తీయిస్తూనే ఉన్నారు. భోజనాల పంక్తి, వంటవాళ్ళ గాడిపొయ్యి, కొట్టు బోర్డు, ఎదురుకొట్టు బోర్డు, గుమ్మంలో విడిచిన చెప్పులు. ఎప్పుడు కుయ్యిమంటుందా అని ఆయన, అనకూడదు భగవంతుడా అని నేను. చుట్టాలు వెళ్ళిపోయారు, దీపాలు పెట్టారు, అది అనలేదు. ఆ పూట నా మొహం చూసినవాళ్ళెవరైనా ఆ బ్యాటరీలు నేనే కనిపెట్టాననుకుని ఉంటారు.

వారం తిరక్కుండా కొట్టు అద్దాల బీరువాలోకి చార్జర్లు దిగాయి. ఒక సాయంత్రం కర్టెన్ అవతలి నుంచి "అమ్మాయ్, ఇలా రా" అని కేక వినబడింది. వెళితే, ఆచంట నుంచి వచ్చిన ఒకాయన కొత్త కెమెరా పెట్టెతో నిలబడి ఉన్నారు. వచ్చే వారం చెల్లెలి పెళ్ళిట. నాన్నగారు ఎత్తుస్టూలు మీంచి దిగి పక్కకి నిలబడ్డారు. "మా కొట్లో బ్యాటరీల సంగతి మా అమ్మాయిగారు చూస్తారండి. ఏం కావాలో ఆవిణ్ణి అడగండి" అన్నారు. వెటకారం కోసం వెతికాను. లేదు.

స్టూలెక్కి కూర్చున్నాను. కాళ్ళు నేలకి అందలేదు. అయినా మొదలుపెట్టాను. కెమెరా అనేది చెంబెత్తి గటగటా తాగే రకమండీ, దానికి రీచార్జిబులే ఉండాలి. గడియారం ఉద్ధరిణెతో తీర్థం పుచ్చుకునే రకం, దానికి మామూలువే మేలు, చార్జింగువి వాడకపోయినా వాటంతట అవే దిగిపోతాయి. రిమోటు కూడా అంతే. అక్కడితో ఆగచ్చుగా! వోల్టేజిలోకి వెళ్ళాను. లోపలుండే రసాయనాల్లోకి వెళ్ళాను. ఆయన చాలా శ్రద్ధగా విని, "ఎంత బాగా చెప్పారండీ! ఇంటికెళ్ళి మా నాన్నగారితో ఒక మాట అనుకుని వస్తానండి" అని నమస్కారం పెట్టి, ఏమీ కొనకుండా వెళ్ళిపోయారు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. నాన్నగారు బీరువా అద్దం తుడుస్తూ, "అంతా ఒక్కసారే చెప్పేస్తే ఎలాగే? సగం చెప్పి ఊరుకోవాలి. మిగతా సగం కోసం బేరగాడు మళ్ళీ వస్తాడు" అన్నారు. నేను దిగబోయాను. "ఎక్కడికి? రేపు సాయంత్రం ఆయనొస్తే ఎవరు మాట్లాడతారు? నాకా చార్జింగుల గోల తెలీదు. కాలేజీ నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చెయ్" అని, నా వెనకున్న ఫ్యాను స్విచ్చి వేసి, ఆయన లోపలికి వెళ్ళిపోయారు. మా బజారులో కొట్లో కూర్చున్న మొదటి ఆడపిల్లని నేనే. ఈ మాట ఇన్నేళ్ళయినా తగ్గించి చెప్పబుద్ధి కాదు.

ఆ ఆచంట ఆయన మర్నాడు వచ్చారు, చార్జరు కొన్నారు. నాన్నగారు పోయి చాలా ఏళ్ళయింది. కొట్టు ఇప్పుడు నాదే. ఎవరైనా వచ్చి ఏదైనా అడిగితే చాలు, కళ్ళజోడు సవరించుకుని, మొదటి నుంచి చివరిదాకా ఏకరువు పెడతాను. వినలేక కొందరు మధ్యలోనే కొనేసి పారిపోతుంటారు. సగంలో ఆపడం నాకు ఇప్పటికీ రాలేదు. ఆపమని పక్కన నిలబడి చెప్పే మనిషి లేరు కదా మరి.