పుల్ల నాకు, ఐసు నీకు

కోటిపల్లి రేవులో పుల్ల ఐసు కొని తినని మనిషి ఒక్కరే ఉండేవారు. ఆయన రేవులో టిక్కెట్లిచ్చే పల్లంరాజు గారు. కొనడమంటే ఎప్పుడో ముచ్చటపడి ఒకటి కాదు. ఎండైనా, ముసురైనా, గోదారి ఎర్రబడి అవతలి ఒడ్డుకి దాటించే పంటు ఆగిపోయినా, ఐసు బండి గంట వినబడితే చాలు, టిక్కెట్ల గది కిటికీలోంచి ఆయన చెయ్యి బయటికి వచ్చేది. ఐసు పిల్లలకి, పుల్ల ఆయనకి. అదీ ఒప్పందం.

ఒప్పందంలో ఇంకో షరతుంది. పుల్ల ఎంగిలి కాకూడదు. అందుకని పిల్లలు ఇళ్ళనుంచి గ్లాసులు తెచ్చుకుని వరసగా నిలబడేవారు. ఆయన పుల్ల పట్టుకుని గ్లాసు అంచుకి ఒక్కటి కొడితే ఐసు లోపల, పుల్ల చేతిలో. కొత్తగా రేవుకి వచ్చినవాళ్ళు ఆ గ్లాసుల వరస చూసి ఊళ్ళో మంచినీళ్ళకి కరువొచ్చిందేమో అనుకునేవారు.

తొందర ఆపుకోలేక ఎవడైనా బండి దగ్గరే ఐసు అందుకుంటే విచారణ మొదలయ్యేది.

"నాకావా?"

"లేదండి."

"ఏదీ, నాలిక చూపించు."

నాలిక ఎర్రగా బయటపడిందా, ఆ పుల్ల వాడికే ధారాదత్తం. ఆయన ఇంకో ఐసు కొనాల్సి వచ్చేది. దాంతో కుర్రాళ్ళు కావాలనే నాకడం నేర్చుకున్నారు.

ఇంతకీ పుల్లలేం చేస్తారు? ఐసు బండి బుల్లబ్బాయి చెప్పేదాన్నిబట్టి, ద్రాక్షారామం భీమేశ్వరుడికి మొక్కుకుని ఇంట్లో పుల్లల రథం కడుతున్నారు. రథం పూర్తయితే తన బేరం ఏమవుతుందోనని వాడి దిగులు. మహాలక్ష్మమ్మ గారు, అంటే పల్లంరాజు గారి భార్య, ఒకసారి కుళాయి దగ్గర నోరు జారి, "మా పొయ్యి మీద అన్నం కంటే ముందు పుల్లలు ఉడుకుతాయమ్మా" అన్నారు. అంతే, పల్లంరాజు గారింట్లో పుల్లల పులుసు కాస్తారని సాయంత్రానికి అవతలి ఒడ్డున ముక్తేశ్వరం దాకా పాకిపోయింది.

ఎండుచేపలమ్మే లోవమ్మకి మాత్రం ఆయన పుల్లలతో తగువు లేదు. ఆవిడ తగువల్లా ఆయన నోటితోనే. చిన్నప్పట్నుంచీ చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చిన మనిషి లోవమ్మ. అంగిట్లో పుండు లేచి, అది మాయదారి పుండని తేలి, కిందటేడు కాకినాడ ఆసుపత్రిలో కరెంటు, అంటే రేడియేషను, పెట్టించుకుని బయటపడింది. పల్లంరాజు గారు అంతకు కొన్నేళ్ళ ముందు గొంతుకి అదే కరెంటు పెట్టించుకున్నారు. ఒకే బడిలో పై తరగతి చదివినవాడిలా ఆయన అప్పట్నుంచి ఆవిడ మీద అజమాయిషీ పుచ్చుకున్నారు. గంపతో ఆవిడ కిటికీ దగ్గరికి రావడం పాపం, మొదలెట్టేవారు.

"లోవమ్మా, పుక్కిలించావా?"

"ఆయ్, పుక్కిలించానండి."

"దేంతో?"

"నీళ్ళతోనండి."

"మరి ఉప్పూ, వంటసోడా?"

"ఉప్పు కూరలో ఏశానండి. సోడా బజ్జీల్లో ఏశాను."

"నోట్లో మూడు వేళ్ళు పడుతున్నాయా?"

"నావి మూడూ పడతన్నాయి, ఇంకా చోటుంది. మీయి కూడా పెడతారేంటి?"

పంటు కోసం నిలబడ్డవాళ్ళంతా నవ్వేవారు. ఆయన నవ్వేవారు కాదు. ఒక టిక్కెట్టు చింపి, సీసాలోంచి ఒక గుక్క నీళ్ళు తాగి, "కరెంటుకి నోట్లో ఊట ఎండిపోయిందే. ఊట లేని నోరూ తడి లేని నారుమడీ ఒకటే. పళ్ళు జాగ్రత్త" అనేవారు. ఆవిడ చిల్లర లెక్క చూసుకుంటూ వెళ్ళిపోయేది. వేళ్ళు పెట్టి చూసుకున్నది ఒక్కనాడూ లేదు.

ఒకరోజు లోవమ్మ గంప లేకుండా వచ్చింది. బుగ్గ మీంచి నెత్తి మీదికి తువ్వాలు బిగించి కట్టుకుంది.

"ముక్తేశ్వరం ఒకటివ్వండి."

"గంపేదే?"

"గంపెందుకండీ, పన్ను పీకించుకోడానికి. అవతల సంతలో ఒకాయన సిటికెలో పీకేత్తాడంట."

పల్లంరాజు గారు కిటికీ తలుపు వేసేశారు.

లోవమ్మ తలుపు బాదింది. వెనకాల వరస గొణిగింది. కిటికీ బెత్తెడు తెరుచుకుంది.

"ఆ దవడకి కరెంటు తగిలిందే. పీకితే ఆ గుంట మానకపోవచ్చు. ఎముకే పుచ్చిపోద్ది. కాకినాడలో చెప్పలేదా నీకు?"

"సెప్పారండి. శానా సెప్పారు. అయ్యన్నీ గుర్తుంటే నేనూ డాకటర్నే అవుదును గదా."

"అయితే ఆ డాక్టర్ల దగ్గరికే వెళ్ళు."

"బాబూ, పన్ను నాది, నొప్పి నాది, రాత్రంతా ఏడ్చిందాన్నీ నేనే. టిక్కెట్టొక్కటే మీది."

"ఆ ఒక్కటే ఇవ్వను."

పంటు హారను మోగింది. వరసలో ఒక పెద్దమనిషి, అమలాపురం కోర్టులో తనకి వాయిదా ఉందనీ, ఒక ఆడమనిషి పన్ను కోసం పంటు ఆపడం ఏ చట్టంలోనూ లేదనీ గట్టిగా అన్నాడు. పల్లంరాజు గారు బయటికొచ్చి గదికి తాళం వేసి, పంటెక్కే బల్లకి అడ్డంగా నిలబడ్డారు. పంటు ముందు ఆయన ఎప్పుడూ అలా నిలబడలేదు. చేతిలో నీళ్ళసీసా ఉంది.

"ఈవిడ కాకినాడ బస్సెక్కాక టిక్కెట్లిస్తానండి" అన్నారు.

ఆ మాటతో జనానికి లోవమ్మ పళ్ళ మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొచ్చింది. ఇద్దరు ఆవిడ చెరో రెక్కా పట్టుకున్నారు, ఒకాయన బస్సుకి అడ్డంపడి ఆపాడు, వాయిదా పెద్దమనిషి స్వయంగా కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టాడు.

లోవమ్మ ద్రాక్షారామం దాకా పల్లంరాజు గారిని పైకే తిట్టింది. దవడ సలుపు ఎక్కువై, అక్కణ్ణుంచి మనసులో తిట్టుకుంది.

ఆసుపత్రిలో నర్సు దేవకుమారి, "ఏదమ్మా, మూడు వేళ్ళు పెట్టి చూపించు" అంది. లోవమ్మ పెట్టి చూసుకుంది. మూడెక్కడ, రెండు వేళ్ళే ఇరుగ్గా పట్టాయి. దవడ బిగిసిపోతోంది, తనకే తెలియదు. పళ్ళ డాక్టరు ఫొటో తీసి చూసి, పన్ను కదపకుండానే లోపలి నరం శుభ్రం చేసి, సిమెంటు నింపి, "సంతలో పీకించుకుని ఉంటే దవడే పోయేది. సమయానికొచ్చావు" అన్నాడు.

పోయేముందు దేవకుమారి లోవమ్మ చేతిలో ఒక పుల్లల కట్ట పెట్టింది. "ఇవి పొద్దున్నా సాయంత్రం పళ్ళ మధ్య ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టుకోవాలమ్మా. నోరు తెరుచుకునేకొద్దీ ఒక్కోటి కలుపుకుంటూ పోవాలి."

లోవమ్మ కట్ట తిప్పి చూసింది. వలదారంతో కట్టి ఉంది. ఒక పుల్ల కొసన గులాబీ రంగు, ఒకదానికి నారింజ.

"ఇయ్యెక్కడియ్యి?"

"పుల్లల తాతగారు తెస్తారు, ఉడకబెట్టి ఎండబెట్టి. ఆయన దవడ బిగిసినప్పుడు గేటు బయట ఐసు బండి దగ్గర పుల్లలు కొనుక్కుని సాగదీసుకున్నారు. మీకు నయమైంది గదండీ, ఇంకా ఎందుకండీ అంటే, నోళ్ళు ఇంకా చాలా ఉన్నాయమ్మా అంటారు."

"మరి ఐసు తింటే ఏం?"

"అయ్యో, ఐసంటే ప్రాణమంట ఆయనకి. ఊట లేని నోట్లో తీపి పడితే పళ్ళు నిలుస్తాయేంటి? అందుకే దులిపేస్తారంట."

లోవమ్మకి గ్లాసుల వరస కళ్ళముందుకొచ్చింది. రథం, పుల్లల పులుసు, నాలికల విచారణ అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. నొప్పి నోటితోనే పకపకా నవ్వింది.

"అలాగే నవ్వమ్మా, ఇంకో పుల్ల పడుతుంది" అంది దేవకుమారి, కట్టలోంచి ఒకటి తీసి పట్టుకుని.

నొప్పి తగ్గాక లోవమ్మ గంపతో రేవుకొచ్చింది. కిటికీలోంచి మామూలు ప్రశ్నే వచ్చింది.

"లోవమ్మా, పుక్కిలించావా?"

ఆవిడ గంప దించి, బుల్లబ్బాయి దగ్గర ఒక ఐసు కొని, దగ్గరున్న పిల్ల గ్లాసు అంచుకి టపీమని కొట్టింది. అలవాటు లేని చెయ్యి. ఐసు ఎగిరి గోదాట్లో పడింది. పిల్ల మొహం చూసి ఇంకోటి కొని, ఈసారి మెల్లగా దులిపింది. పుల్లలు రెండూ తెచ్చి కిటికీలో పెట్టింది.

పల్లంరాజు గారు పుల్లల్ని చూశారు, ఆవిణ్ణి చూశారు. అంతా అర్థమైంది. సీసా ఎత్తి ఒక గుక్క తాగారు.

"నాకలేదు గదా?" అన్నారు.

లోవమ్మ నోరు తెరవగలిగినంతా తెరిచి నాలిక చూపించింది.