కెమెరాకు అంటిన ఘాటు

"కళ్ళు నలపమాక తల్లీ," అన్నాను బస్సు దిగుతూ.

"లేదులేమ్మా, చీకట్లో జాగ్రత్తగా పోండి," అంది బస్సులో నా పక్కన కూర్చున్న పిల్ల. పేరైనా అడగలేదు నేను.

అంతకుముందు పొదిలి దాటాక బస్సు చెడిపోయింది. డ్రైవరు బాగుచేస్తుంటే ఆ పిల్ల చేనుగట్టున మూడుకాళ్ళ స్టాండు మీద కెమెరా నిలబెట్టింది. ఆకాశంలో చుక్కల్ని ఫొటో తీయడం నేర్చుకుంటోందట. చీకట్లో కెమెరా చూపు దానంతటది కుదరదట, చేత్తో కుదర్చాలట. కెమెరా వెనక అద్దంలో చుక్క ఉండలా ఉబ్బి ఉంది.

"ఈ రింగు తిప్పండమ్మా, సన్నబడుతుంది," అంది. సరదాగా తిప్పాను. తర్వాత తనూ తిప్పి, కళ్ళ మీది చెమట తుడుచుకుంది.

"అమ్మో, మంట!" అంటూ కూలబడింది.

ఆయన పోయినప్పటినుంచీ మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోతున్నాను. నా చేతులకు మంట తెలియదు. నా చేతి ఘాటు రింగుకంటి ఇంకొకరికి మండుతుందన్న సంగతే మరిచాను. ఉన్న నీళ్ళన్నీ ఆమె కళ్ళలో పోశాను గానీ తలెత్తలేకపోయాను.

డ్రైవరు హారన్ కొట్టాడు.

"నాకు కనపడట్లేదు, మీరే తిప్పండమ్మా," అంది.

"మళ్ళీ ఈ చేత్తోనా తల్లీ?"

"ఆ చేత్తోనే. చుక్క ఆవగింజంత కాగానే చెప్పండి."

కొంగుకు చెయ్యి తుడుచుకుని తిప్పాను. "అయింది," అన్నాను. ఆ పిల్ల కళ్ళు మూసుకునే మీట నొక్కింది.

తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని.

కోడలుపిల్లా, తలెత్తలేకపోయానని రాశావా? నామీద జాలితో ఏమీ మార్చకుండా, నేను చెప్పింది చెప్పినట్టు చదివి వినిపించు.