నీళ్ల రుచి తెలియని ఊరికి దారి చెప్పిన సారు

అశ్వత్థనారాయణ సారు పోయారన్న వార్త నాకు ధర్మవరంలో, నా క్లినిక్‌లో, ఒక మగ్గం నేసే పెద్దాయన వీపు మీద స్టెతస్కోపు పెట్టి ఊపిరి గట్టిగా పీల్చమంటుండగా అందింది. ఫోన్ చేసినవాడు సారు మేనల్లుడు శ్రీధర. "అక్కా, మామ పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి గోడకు ఆనుకున్న్యాడు. అంతే," అన్నాడు. పెద్దాయనకు ఊపిరి వదలమని చెప్పడం మరిచిపోయాను. ఆయన బుగ్గలు పొంగించుకొని నా మొహం చూస్తూ అట్లాగే కూర్చున్నాడు. రోజూ మరణాన్ని చూసే వృత్తి నాది. అయినా ఆ పూట ఇంకెవరినీ చూడలేకపోయాను. బయట కూర్చున్నవాళ్లను రేపు రమ్మని చెప్పి, మా నాయనకు ఫోన్ చేసి, పెనుకొండ ప్యాసింజరు ఎక్కాను.

హిందూపురం హైస్కూల్లో మూడు దశాబ్దాలు సోషల్ చెప్పిన సారును తెలియని ఇల్లు ఆ ఊళ్లో తక్కువ. రిటైరయ్యాక పెనుకొండలో, కొండ కిందున్న చిన్న ఇంట్లో చేరారు. పెళ్లి చేసుకోలేదు. తాతల నాటి నుంచి వాళ్లది బెల్లం మండీ. కొడుకు గల్లాపెట్టె ముందు కూర్చోవాలని తండ్రి కోరిక. ఈయనేమో బెల్లం అచ్చుల మీద వేలితో దేశాల సరిహద్దులు గీసేవాడట. "మా నాయన నన్ను చూసి, వీడు బెల్లం అమ్మడు, భూగోళం అమ్ముతాడు అనె," అని సారే నవ్వుతూ చెప్పేవారు. క్లాసులో ఆయన నోట పదేపదే విన్న మాట ఒకటి ఉంది: "పటంలో తప్పుంటే దిద్దాల. దాచిపెడితే వెనక వచ్చేటోడు దారి తప్పుతాడు." తన మ్యాపులో తప్పు చూపిన విద్యార్థికి బోర్డు ముందు నిలబడి నమస్కారం పెట్టిన గురువు ఆయన ఒక్కరే.

ఊరు ఆయనకు పెట్టిన పేరు రష్యా సారు. ఆ రోజుల్లో రష్యా నుంచి నున్నటి కాగితం మీద రంగురంగుల తెలుగు పత్రికలు వచ్చేవి. అందరూ వాటిని పుస్తకాలకు అట్టలు వేసుకుంటే, సారు అట్ట వేయకముందు చదివేవారు. అందులో దొరికిన ఒక చిరునామాకు ఉత్తరం రాశారు. వోల్గా నది ఒడ్డున సరాతోవ్ అనే నగరంలో నికొలాయ్ అనే మనిషి జవాబిచ్చాడు. ఆయనా భూగోళం చెప్పే పంతులే. వచ్చీరాని ఇంగ్లీషులో ఇద్దరూ పదిహేనేళ్లు రాసుకున్నారు. ఒకరు లేపాక్షి బసవన్న ఫోటో పంపితే ఇంకొకరు గడ్డకట్టిన నది ఫోటో పంపారు. తర్వాత ఆ దేశమే చీలిపోయింది, ఉత్తరాలు ఆగిపోయాయి.

ఆ ఉత్తరాల సారమంతా సారు ఒక పొడుగు నోటుబుక్కులో రాసిపెట్టారు. పేరు "సరాతోవ్ నగరము, పరిసరములు: పోయేవారికి పరిచయం". మా పక్క పిల్లలు డాక్టరు చదువుకు రష్యా పోవడం మొదలయ్యాక ఆ పుస్తకానికి గిరాకీ పెరిగింది. రష్యాలో ఏ ఊరికి పోయేవాడైనా దాన్ని జిరాక్సు తీసుకొని పెట్టెలో పెట్టుకునేవాడు. నా ప్రతి ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. అందులోంచి కొన్ని వాక్యాలు:

"ఊరు వోల్గా కుడి ఒడ్డున, కొండల నడుమ దిగుడుగా ఉంటుంది. దారి తప్పితే భయపడవద్దు. పల్లం వైపు నడువు, నది కనపడుతుంది. నదిని చూసినవాడు తప్పిపోయినట్టు కాదు."

"ఊరి పక్కన సొకొలోవయా కొండ. పెనుకొండ ఎక్కిన కాళ్లకు అది ఒక లెక్క కాదు. పైనుంచి చూస్తే నది, నది మీద వంతెన, అవతలి ఒడ్డున ఇంకో ఊరు."

"వంతెన దాటితే మెట్టనేల. గోధుమ, పొద్దుతిరుగుడు. ఎండాకాలం వడగాలి కొడితే పైరు మాడిపోతుంది. ఆ ఊరి రైతు కూడా మనట్లే వాన కోసం మొగులు చూస్తాడు. అంతరిక్షానికి మొదట పోయివచ్చిన మనిషి దిగింది ఆ చేలల్లోనే. అంత ఎత్తు పోయినవాడు కూడా మెట్టచేలోనే దిగినాడని గుర్తుపెట్టుకో."

"కలాచ్ అనే ఉబ్బు రొట్టె తిను. చేత్తో అదిమి వదిలితే మళ్లీ లేస్తుంది. చిరుగంటలు కట్టిన హార్మోనియంలాంటి వాయిద్యం ఒకటి ఆ ఊరి సొత్తు, విను. శీతాకాలం నది మీద మనుషులు గుంత తవ్వి చేపలు పడతారు. వాళ్లను పలకరించవద్దు, కోప్పడతారు."

తీసుకుపోవలసిన వస్తువుల పట్టికలో మొదటిది ఊరగాయ కాదు, స్వెట్టరు కాదు: "ఒక స్టీలు బిందె, మూతతో." పది రోజులకొకసారి కొళాయి వచ్చే హిందూపురంలో పుట్టినవాడు ఇంకేం రాస్తాడు? ప్రపంచంలో యాడికి పోయినా నీళ్లు పట్టిపెట్టుకోవాలనేది ఆయన భూగోళశాస్త్రంలో మొదటి సూత్రం. విమానాశ్రయంలో ఆఫీసరు ఆ బిందెలో చెయ్యి పెట్టి చూసి, నన్ను చూసి, మళ్లీ బిందెను చూశాడు. హాస్టల్లో ఇరవైనాలుగు గంటలూ నీళ్లు. నా బిందెను చూసి తోటివాళ్లు నవ్వినారు. చలికాలంలో ఒకరోజు పెద్ద గొట్టం పగిలి ఆ వీధి మొత్తానికి నీళ్లు ఆగిపోయాయి. ఆ పొద్దు నవ్వినవాళ్లంతా గ్లాసులు పట్టుకొని నా గది ముందు వరుసగా నిలబడ్డారు.

పుస్తకంలో "నీళ్లు" అనే శీర్షిక ఒకటుంది. దాని కింద అర పేజీ ఖాళీ. జిరాక్సు సరిగా పడలేదేమో అనుకున్నాను.

ఇక్కడ నేనొక సంగతి చెప్పాలి. చెప్పనా వద్దా అని వారం రోజులు సతమతమయ్యాను.

నాకు సరాతోవ్‌లో సీటు వచ్చినప్పుడు మా నాయన ససేమిరా అన్నాడు. లేపాక్షి దగ్గర పల్లెలో వేరుశనగ పండించే రైతు. ఆడపిల్లను కనీ వినీ ఎరగని ఊరికి పంపడం ఆయన వల్ల కాలేదు. "ఆ ఊరు కండ్లారా చూసినోడు ఒక్కడు వచ్చి, బాగుండాది, మనుషులుండే తావే అని నాకు చెప్పల్ల. అప్పుడు పంపుతా," అన్నాడు. అట్లాంటి మనిషి జిల్లా మొత్తంలో ఎవరున్నారు? నేను సారు దగ్గర ఏడ్చాను. మరుసటి ఆదివారం ఆయన బస్సు దిగి మా ఇంటికి వచ్చారు.

"నేను పోయొచ్చినాలేప్పా. చిన్న వయసులో. నా స్నేహితుడుండాడు ఆడ. భయపడాకు," అన్నారు మా నాయనతో.

మా నాయన మంచినీళ్ల చెంబు అందిస్తూ అడిగాడు: "నీళ్లెట్లుండాయి సార్ ఆడ?"

మా పక్క ఎవరు ఏ ఊరు పోయొచ్చినా మొదట అడిగే ప్రశ్న ఇదే. ఆ ఊరి గుళ్లు, సినిమాహాళ్లు తర్వాత. నీళ్లు ఉప్పా, తీపా, సప్పనా, పప్పు ఉడుకుతుందా లేదా అన్నదాన్ని బట్టే ఊరి మంచి చెడ్డ. సారు ఒక గుక్క తాగి, "చల్లగుంటాయప్పా, శానా చల్లగుంటాయి," అన్నారు. మా నాయన కొంచెం సేపు ఆయన్నే చూసి, "సరే, పోనీలే," అన్నాడు. నా చదువు, నా వృత్తి, ఇప్పుడు నేను తినే అన్నం అన్నీ ఆ మధ్యాహ్నం మా ఇంటి వసారాలో ఖాయమయ్యాయి. సారు రష్యా పోయొచ్చినారన్న మాట ఇరుగుపొరుగు నోట పడి హిందూపురం దాకా పాకింది.

పుస్తకంలో ఒకచోట, "వంతెన మీద నడిచి అవతలి ఊరికి పోయి, టీ తాగి రావచ్చు, సరదాగా ఉంటుంది" అని ఉంది. జనవరిలో ఒకనాడు నేను సరదాగా బయలుదేరాను. మూడు కిలోమీటర్లకు కాస్త తక్కువ ఆ వంతెన. సారు మనసులో ఉన్నది మన పెన్న మీది వంతెన. సగం కూడా పోకముందే చెవులు నావి కావనిపించాయి. కనురెప్పల మీద మంచు పేరుకుంది. వెనక్కి తిరిగి నడుస్తుంటే, చలి కంటే ముందు ఒక విషయం తెలిసింది. దీన్ని ఒక్కసారి చూసినవాడు కూడా ఆ వాక్యం రాయడు. మా సారు ఈ ఊరికి రాలేదు. జీవితంలో నేనెరిగినంతలో ఆయన ఆడిన అబద్ధం ఒక్కటే, అది నాకోసం. ఆ వంతెన మీద నిలబడి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

మొదటి సెలవులకు వచ్చినప్పుడు హాస్టల్ కొళాయిలో వచ్చే వోల్గా నీళ్లు కాచి, ఒక చిన్న సీసాలో పోసి, మూత బిగించి తెచ్చి సారు చేతిలో పెట్టాను.

"ఏంది పాపా ఇది?"

"సరాతోవ్ నీళ్లు సార్. మీరు తాగి శానా ఏండ్లయింది కదా."

ఆయన నా మొహం చూశారు. నాకు తెలిసిందని ఆయనకు తెలిసింది. మూత తీసి, ఒక గుక్క నోట్లో పోసుకొని, కళ్లు మూసుకొని మింగారు. "సప్పన ఉండాయి. పప్పు బాగా ఉడుకుతాది," అన్నారు. లేచి నోటుబుక్కు తెచ్చి, ఆ ఖాళీ అర పేజీలో ఆ రెండు మాటలే రాశారు. తర్వాత నెమ్మదిగా, "పిలిచినాడు పాపా నికొలాయ్. పాసుపోర్టు కూడా వచ్చినాది. అమ్మ మంచంలో ఉండె, ఇడిసిపెట్టి పోలేకపోతి," అన్నారు. సీసా మూత బిగించి, "మీ నాయనకు మాత్రం చెప్పొద్దు. ఆయప్ప నన్ను నమ్మి పంపినాడు," అన్నారు. చెప్పనని మాటిచ్చాను.

ఆ మాట బరువు నాకు పెనుకొండలో, ఆయన్ను పడుకోబెట్టిన వసారాలో తెలిసింది. వచ్చిన పాత విద్యార్థులంతా "రష్యా చూసొచ్చిన మహానుభావుడు" అంటున్నారు. నా పక్కనే మా నాయన. తులసి తీర్థం పోసే వేళకు శ్రీధర లోపలికి పోయి, దేవుని గూట్లోంచి ఒక సీసా తెచ్చాడు. "మామ దీన్ని ఎన్నో ఏండ్లుగా దేవుని పక్కనే పెట్టుకున్న్యాడు. కాశీ తీర్థమే అయ్యుంటాది," అన్నాడు. మూత మీది రష్యా అక్షరాలు చూసి నేను గుర్తుపట్టాను. నోరు తెరవబోయి ఆగిపోయాను. తులసాకు వేసి మూడు చెంచాలు పోశారు. ముసలి అత్త ఒకామె, "గంగమ్మ తల్లి దొరికింది, పుణ్యాత్ముడు," అంది. నేను కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను.

నాలుగు రోజులు నా దగ్గర ఉండడానికి మా నాయన నాతోనే ధర్మవరం బయలుదేరాడు. తిరుగు రైల్లో ఇక ఆగలేక ఆయనకు అంతా చెప్పేశాను. మాట తప్పానని కూడా చెప్పాను. ఆయన కిటికీలోంచి చూస్తూ విన్నాడు.

"నాకు ఆ పొద్దే తెలుసు మ్మా."

"ఎట్లా నాయనా?"

"ఏ ఊరు పోయొచ్చినోడైనా నీళ్లు ఉప్పో తీపో చెప్తాడు. ఆయప్ప చల్లగుంటాయి అనె. తాగుంటే గదా రుచి తెలిసేది."

"మరి నన్నెందుకు పంపితివి?"

"ఎన్నడూ అబద్ధమాడనోడు, బిడ్డ కోసం బస్సెక్కి వచ్చి, తల వంచుకొని ఒక అబద్ధం చెప్పిపాయ. అంత చేసే మనిషి చెడ్డ తావుకు దారి చూపుతాడా? ఆ ఊరిని నమ్మి కాదు మ్మా, నేను సారును నమ్మి పంపినా."



సంస్మరణ సంచికకు నాలుగు మాటలు రాయమని పాత విద్యార్థులు అడిగారు. సారు రష్యా యాత్రను వర్ణించమన్నారు. ఆ యాత్ర రాయలేకపోయాను, ఇది రాశాను. పటంలో తప్పు దాచకూడదని చెప్పిన మనిషికి తప్పుడు పటంతో నివాళి ఇవ్వడం నాకు చేతకాలేదు. ఈ నిజం వల్ల ఆయన గౌరవం తగ్గుతుందని ఎవరైనా అంటే, వాళ్లు ఆయన దగ్గర పాఠం సరిగా వినలేదని నేనంటాను. అట్లాంటి గురువు మళ్లీ దొరకడు. మా పిల్లలకు దారి చెప్పడానికి ఫోన్లలో మ్యాపులున్నాయి. బస్సెక్కి ఇంటికొచ్చి వాళ్ల నాయనను ఒప్పించే సారు లేరు.

శ్రీధర ఇచ్చిన ఆ నోటుబుక్కు ఇప్పుడు నా దగ్గరుంది. వంతెన గురించిన వాక్యం దిద్దాను, చలికాలం నడవవద్దని రాశాను. బిందెను అట్లాగే ఉంచాను. మొదటి పేజీలో ఆయన పేరు కింద ఒక మాట చేర్చి, ఈసారి పోయే పిల్లలకు జిరాక్సు తీసి ఇచ్చాను: "ఈ పుస్తకం రాసిన సారు ఆ ఊరికి పోలేదు. చివరికి ఆ నది నీళ్లే పెనుకొండకు వచ్చి ఆయన గొంతు తడిపినాయి."