సరోజ ఇచ్చిన కాగితం

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రెండువేలు దాటిన తొలి ఏళ్లలో అనంతపురంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. వేరుశనగ విత్తనాలు పంచే ఒక సంఘానికి మేం ప్రోగ్రామ్ రాసిచ్చాం. రైతు పేరు, నమోదు చేసుకున్న తేదీ అందులో ఎక్కిస్తారు. ఆ జాబితా ప్రకారమే విత్తనాలిస్తారు. ఏ పని ఎప్పుడు చేయాలో నిర్ణయించేది నేను. పరీక్షించి చూసేది సరోజ. నల్లమాడ అమ్మాయి. మాటలో మొహమాటం లేదు.

సంఘం కొత్త కంప్యూటర్లు కొంటోందని, వాటిలో ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్ ఉంటుందని వేసవిలోనే తెలిసింది. సరోజ ఒక కాగితం రాసుకొచ్చి నా బల్ల మీద పెట్టింది.

"అన్నా, మనం ఇంకా పాతదాని మీదే టెస్టింగు చేస్తాండాం. ఆ మిషన్లు వచ్చేలోపల కొత్తదాని మీదికి మారల్ల."

"పాతదాంట్లో బాగానే పోతాండాది కదా. సీజన్ అయిపోనీ, చూద్దాం."

"వాళ్లకి కావల్సిందే సీజన్లో కదన్నా. వాన పడినాక చూసుకుంటే ఏమొస్తాది?"

కాగితం సొరుగులో పడేశాను. బద్ధకమా? కాదు. మారాలంటే పది రోజులు మిగతా పనులు ఆపాలి. అన్నీ గడువుకు ముందే ముగిస్తానని ఓనర్ దగ్గర గొప్పలు చెప్పుకున్నవాణ్ణి, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఆ మాట అనను?

కొత్త మిషన్లు వచ్చాయి. వానా వచ్చింది. కొత్త సిస్టమ్ తేదీలో నెలను ముందు, రోజును తర్వాత చదివింది. పదమూడో నెల అనేది లేదు కాబట్టి, పన్నెండో తారీఖు దాటాక పేరు రాయించుకున్నవాళ్లంతా జాబితాలోంచి రాలిపోయారు. సంఘంవాళ్లు పంపితే బెళుగుప్ప వైపు పెద్దాయన ఒకాయన చీటీ పట్టుకుని మా ఆఫీసుకే వచ్చాడు.

"నా పేరు యాడికి పోయిందప్పా? ఆడ నేలలో పదును ఆరిపోతాండాది."

జాబితా సరిచేయడానికి నాలుగు రోజులు పట్టింది. అప్పటికి విత్తనాలు అయిపోయాయి.

ఓనర్ మా ఇద్దరినీ పిలిచాడు. "కొత్తదాంట్లో చూడాలని ఎవరికీ తట్టలేదా?"

"అన్నకు రాసిచ్చినాను సార్," అంది సరోజ.

"నాకేమీ ఇయ్యలేదు," అన్నాను.

అంత సులువుగా ఎలా వచ్చింది ఆ మాట? ఆమె నన్ను చూసింది, కోపంగా కాదు, పొరపాటున విన్నానేమో అన్నట్టు. మర్నాటి నుంచి ఆమెను రావద్దన్నారు. ఆ మధ్యాహ్నమే కాగితాన్ని ముక్కలు చేశాను.

ఆమె మళ్లీ కంప్యూటర్ పనిలోకి రాలేదని విన్నాను. దానికి వేరే కారణాలు ఉండి ఉంటాయని నన్ను నేను నమ్మించుకోబోయి, ప్రతిసారీ ఆ చూపు దగ్గరే ఆగిపోయాను. పెద్దాయన పొలం ఆ ఏడు బీడుపడిందో లేదో తెలియదు. నేను కనుక్కోలేదు.

క్షమించమని అడగడం లేదు. అడగాల్సింది మిమ్మల్ని కాదు. సరోజ ముందే చెప్పింది. నేను వాయిదా వేశాను. ఆమె చెప్పలేదని అబద్ధమాడాను. ఈ మూడు వాక్యాలు వరుసగా ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాశాను.