రుచి చూస్తే తిన్నట్టా

పొద్దున్నే అయిదున్నరకు లేచే వంటావిడకు కుడిచేతి పిడికిలి బిగిసేసరికి ఆరుంపావు అవుతుంది. అంతసేపూ ఆమె వేడినీళ్ల గిన్నెలో చేతులు ముంచుకుని కూర్చుంటే వెనక నుంచి మొగుడు జడ అల్లుతాడు. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయన కొత్తగా నేర్చిన విద్య అది. అందుకే ఆ జడ ఎప్పుడూ ఎడమవైపుకు తిరిగి ఉంటుంది.

ఏడున్నరకల్లా ఆమె ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఉండాలి. నాలుగు వందల మందికి వంట. అక్కడ అందరూ ఆమెను పెద్దగరిటె అంటారు, ఎదురుగా మాత్రం అనరు. మూడడుగుల గరిటె తిప్పగలిగినంతకాలమే ఆమె హెడ్ కుక్. తిప్పలేని రోజున కూపన్లు చింపే కిటికీ దగ్గర కూర్చోబెడతారు. ఆమెకు ముందున్న హెడ్ కుక్ ఇప్పుడు ఆ కిటికీ దగ్గరే ఉన్నాడు. కూర వాసన వచ్చినప్పుడల్లా ఉప్పు ఎక్కువైందని గొణుగుతుంటాడు.

జబ్బు పేరు డాక్టరమ్మ చెప్పింది కాని ఆమెకు నోరు తిరగలేదు. అర్థమైంది మాత్రం ఇది: ఒంట్లో ఉన్న కాపలావాళ్లు దొంగల్ని వదిలేసి ఇంటివాళ్లనే బాదుతున్నారు, అదీ కీళ్ల మీద. వారానికి ఒకరోజు వేసుకునే మాత్ర రాసి, "గుణం కనబడటానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆపొద్దు" అంది డాక్టరమ్మ. ఇదంతా చెప్పడానికి ఆవిడకు నాలుగు నిమిషాలు పట్టింది. బయట బెంచీల మీద ఇంకా అరవై మంది ఉన్నారు.

తినకూడనివాటి లిస్టులు రాసిచ్చే లిస్టు సార్ గంటన్నర ఇచ్చాడు. జనం ఎవరి మాట నమ్ముతారో చెప్పడానికి ఈ లెక్క చాలు.

లిస్టు సార్‌ని పట్టుకొచ్చింది ఆడపడుచు. "వదినా, ఇరవై ఏళ్ల నా తేన్పులు ఇరవై రోజుల్లో పోయాయి. నీ వేళ్లెంత?" అంది, అప్పుడే ఒకటి మింగుకుంటూ. సార్ గదిలో గోడ నిండా సర్టిఫికెట్లు, బల్ల మీద ప్లాస్టిక్ పళ్లు. ఆమె చిన్నప్పటి నుంచి ఏమేం తిన్నదో ఆయన ఓపికగా రాసుకున్నాడు. చివరికి పెన్ను మూసి అన్నాడు: "అమ్మా, మీ శత్రువు మీ కంచంలోనే ఉన్నాడు. అనుమానం ఉన్నవాళ్లందర్నీ ముందు బయటికి పంపిద్దాం. తర్వాత ఒక్కొక్కడినీ లోపలికి పిలుద్దాం. ఎవడొస్తే చేతులు వాస్తాయో వాడే దొంగ."

పద్ధతిలో తప్పేమీ లేదు. పోలీసులు చేసేదీ ఇంచుమించు ఇదే. వాళ్లకు కూడా ఒక్కోసారి అసలు దొంగ దొరుకుతాడు.

"మరి మాత్ర వేసుకోవచ్చా సార్?"

"మీ ఇష్టం అమ్మా. కారణమే పోయాక మందుకు పనేముంటుంది?"

ఆరు వారాలపాటు గోధుమ, పాలు, గుడ్లు, వేరుశనగ, సోయా, టమాటా బంద్. తిన్నదల్లా నోట్‌బుక్‌లో రాయాలి. మాత్ర మొదలుపెట్టి అప్పటికి నెల.

ఇంట్లో వంట మొగుడి చేతికి వచ్చింది. ఆయన నీటి మీటర్లు చూసే ఉద్యోగం చేసి రిటైరైనవాడు. కూరగాయలు ఉడకబెట్టడం తప్ప మరేమీ రాదు కాబట్టి ఈ పథ్యానికి అంతకంటే తగినవాడు లేడు. "నువ్వు తినలేనిది నాకు మాత్రం ఎందుకు?" అన్నాడు మొదటిరోజు. పదోరోజుకి ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది కాని, అప్పటికే చెల్లెలు ఆ సంగతి వీధంతా చాటేసింది. మంచి మొగుడన్న పేరు మీదపడ్డాక దింపుకోవడం కష్టం. ఆయన బెల్టుకు కొత్తగా రెండు బెజ్జాలు పడ్డాయి.

క్యాంటీన్‌లో ఆమె ఇంటి డబ్బా తప్ప ఏదీ తినేది కాదు. వంట మాత్రం చేసేది, వండిందాన్ని రుచి చూసేది. గరిటెతో రెండు చుక్కలు ఎడమ అరచేతిలో వేసుకుని నాలుకతో అద్దుకోవడం. సూపు, సాసు, కస్టర్డ్, అన్నీ. ఆ వృత్తిలో ఎవరూ దాన్ని తిండి కింద జమకట్టరు. పొద్దుట్నుంచి రుచి చూస్తూ ఉండి, మధ్యాహ్నం మూడింటికి "ఇప్పటిదాకా నోట్లో ఏమీ పడలేదు" అని ఒట్టు పెట్టగలరు. అది దొంగ ఒట్టు కాదు. నోట్‌బుక్‌లో ఆ చుక్కలు ఎక్కలేదు.

అయిదో వారంలో వాపు దిగింది. పిడికిలి ఆరింటికే బిగిసింది.

ఇక ఆమెను పట్టడం ఎవరితరమూ కాలేదు. బస్సులో మోకాలు రుద్దుకుంటున్న ఆవిడ చేత గోధుమ మానిపించింది. గేటు దగ్గర బట్టతల వాచ్‌మన్‌ని పాలు మానమంది. నోట్‌బుక్‌లో "చేతులు దూది" అని రాసుకుంది. అప్పటిదాకా వారం తప్పకుండా వేసుకున్న మాత్రల్ని బీరువాలో చీరల కింద పెట్టేసింది. మొగుడికి చెప్పలేదు. తగ్గిన జబ్బుకి మందెందుకని ఆయన్ని అడిగితే, ఆయన పోయి డాక్టర్ని అడుగుతాడు.

ఆరు వారాలయ్యాక సార్ చెప్పినట్టే ఒక్కొక్కటీ లోపలికి వచ్చాయి. పాలు వచ్చాయి, ఏమీ కాలేదు. గోధుమ వచ్చింది, ఏమీ కాలేదు. అయిదో వస్తువుగా టమాటా వచ్చిన వారం వేళ్లు వాచాయి.

"దొరికాడు!" అన్నాడు సార్. ఆడపడుచు చప్పట్లు కొట్టింది. టమాటాను వెళ్లగొట్టారు. వాపు వెళ్లలేదు. అయితే తోడుదొంగలున్నారన్నాడు సార్, బియ్యం తీయించాడు. తర్వాత బంగాళాదుంప. నాలుగో నెల వచ్చేసరికి ఆమె కంచంలో ఉడికిన సొరకాయ ముక్కలు, మొగుడి కళ్లల్లో నీళ్లు మిగిలాయి. ఆమెకు గరిటె తిప్పడానికి రెండు చేతులూ కావాల్సి వస్తోంది.

ఒకరోజు ఆమె డబ్బా మర్చిపోతే మొగుడు పట్టుకుని క్యాంటీన్‌కి వెళ్లాడు. వంటగది గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏంటది?"

"ఏది?"

"ఇప్పుడు నాకావే, అది."

"ఉప్పు చూశానండీ."

"దాన్లో టమాటా లేదూ?"

"టమాటా సూపులో టమాటా కాక సబ్బునీళ్లుంటాయా? జరగండి, కాలుతుంది."

"ఆ పక్క గిన్నెలోది?"

"కస్టర్డ్. తీపి చూశా."

"పాలూ గుడ్లూనా!"

"ఏవండీ, రుచి చూస్తే తిన్నట్టా? మీరు ఇన్నేళ్లు మీటర్లు చూశారు, ఊళ్లో నీళ్లన్నీ తాగేశారా?"

ఆయన పాత ఉద్యోగం ఊరికే పోదు. గోడకి ఆనుకుని నిలబడి పన్నెండున్నర దాకా లెక్కపెట్టాడు.

"యాభై మూడు" అన్నాడు. "ఈ నాలుగు నెలల్లో నువ్వు ఏదీ మానలేదే. మానింది నేను."

ఆమె పకపకా నవ్వింది. నవ్వు మధ్యలో ఆగింది. "మరైతే అప్పుడు చేతులెలా తగ్గాయండీ?"

"మాత్ర వల్లేమో. వేసుకుంటున్నావుగా?"

ఆమె గిన్నెవైపు తిరిగి సూపు కలపసాగింది. అప్పటికే కలిసిన సూపు.

సంగతి తెలిసి లిస్టు సార్ ఏమాత్రం తొణకలేదు. "పద్ధతి తప్పలేదమ్మా, మీరు తప్పారు. మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలుపెడదాం" అన్నాడు ఫోన్లో. "సార్ ముందే చెప్పారు వదినా, నువ్వే వినలేదు" అంది ఆడపడుచు. సార్ ముందేమీ చెప్పలేదు.

ఆ వారంలోనే గరిటె జారి పొయ్యి మీది సూపు గిన్నె బోర్లాపడింది. ఎవరికీ కాలలేదు కాని రెండు వందల మంది సూపు లేకుండా తిన్నారు.

డాక్టరమ్మ ఈసారీ నాలుగు నిమిషాలే ఇచ్చింది. అందులో ఒక నిమిషం ఆమె వేళ్లు పట్టుకుని చూసింది. "తిండి మార్చుకుంటే మార్చుకోండి, నేను కాదనను. మాత్ర ఎవరు ఆపమన్నారు?"

"ఎవరూ అనలేదమ్మా. తగ్గిందిగా అని..."

"తగ్గించింది అదే." రక్తపరీక్షకు కాగితం రాసింది. "రిపోర్టు బాగుంటే మళ్లీ మొదలుపెడదాం."

"గరిటె పట్టాలంటే ఎన్నాళ్లు పడుతుందమ్మా?"

"కనీసం పది వారాలు అనుకోండి."

అటునుంచి అటే ఆమె క్యాంటీన్‌కి వెళ్లి మేనేజర్‌ని సెలవు అడిగింది. ఆయన మర్యాదస్తుడు, కుర్చీ చూపించాడు, మంచినీళ్లు ఇప్పించాడు, చేతులు జాగ్రత్త అన్నాడు. హెడ్ కుక్ ఉద్యోగం ఆమె కోసం ఖాళీగా ఉంచుతానని కాగితం మీద రాసిచ్చాడు. ఆరు వారాలు.