పాలు మానిన పిల్లలు, మాట మానిన నేను

సహోదరులారా, అక్కల్లారా, ఆరేళ్లపాటు ప్రతి ఆదివారం ఇదే మందిరంలో కూర్చుని మీ అందరితోపాటు పాటలు పాడాను గానీ, నా తోడికోడలు దీనమ్మక్కతో ఒక్క మాట మాట్లాడలేదు, ప్రభువు బల్లలో రొట్టె తీసుకున్నప్పుడల్లా గుండె రాయి చేసుకునే తీసుకున్నాను!

తప్పు నాది. అక్క సీమపందులు పెంచేది. మా చిన్నోడి పుట్టినరోజు ప్రార్థన పెట్టుకున్నాం, అక్క దొడ్లో పని ముగించుకుని పాయసం గిన్నె పట్టుకుని తిన్నగా వచ్చింది. చుట్టాలందరి ముందు నేను, "ఆ కంపుతో లోపలికి రామాక అక్కా, బయటే కూర్చో" అన్నాను. అక్క గిన్నె అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది. క్షమించమని అడగాలని నాకు తెలుసు, కానీ నా గర్వం నన్ను కదలనియ్యలా, పోనుపోను తప్పు ఆమెదే అన్నట్టు మొహం తిప్పుకుని తిరిగాను.

కిందటేడు మా ఆయనకు నడుం దెబ్బతిని, డాక్టర్లు బరువు పనులు చేయొద్దన్నారు. ఏ పందుల్ని చూసి ముక్కు మూసుకున్నానో అవే మా బతుకుతెరువైనయ్యి చూడండి! ఒక తల్లిపందిని తెచ్చాం, తొమ్మిది పిల్లల్ని పెట్టింది. రెండు నెలలు నిండాక పాలు మాన్పించి తల్లిని అవతల ఉంచితే, పిల్లలు ఒకటే ఏడుపు. ఆ ఏడుపు వినలేక, కడుపు నిండితే ఊరుకుంటాయిలే అని తల్లికి పెట్టే హోటల్ మిగులు కూడే తొట్టి నిండా పోశాను. ఆబగా తిన్నయ్యి. మూడో రోజుకల్లా అన్నిటికీ విరోచనాలు, నాలుగో రోజు పొద్దున చూస్తే రెండు చచ్చిపడున్నయ్యి! పశువుల డాక్టరు మందిచ్చి, "మందు సగమేనమ్మా, మిగతాదంతా మేత పెట్టే తీరులో ఉంది, తెలిసినోళ్ల దగ్గర నేర్చుకో" అన్నాడు. మా ఊళ్లో తెలిసిన మనిషి ఒక్కతే, మా గోడ అవతలే ఉంది.

ఆ దొడ్లోనే మోకరించాను. "ప్రభువా, పిల్లల్ని బతికించు" అని మొదలుపెట్టాను గానీ ప్రార్థన ముందుకు సాగలా. అప్పుడు ఏడుస్తూ, "ప్రభువా, ముందు నన్ను బాగుచెయ్యి, అక్క తలుపేసుకున్నా సరే, నేను అడగాల్సింది అడిగి వచ్చే బలమియ్యి" అన్నాను. లేచి, చేతులన్నా కడుక్కోకుండా పోయాను.

అక్క పొయ్యి దగ్గరుంది. "అక్కా, ఆరోజు నేనన్న మాట పాపం. క్షమించు" అన్నాను. అక్క పొయ్యిలో కట్టె బయటికి లాగి, "పిల్లలకు ఏమైందే?" అంది.

"నీకెట్టా తెలుసక్కా?"

"నాలుగు రోజుల్నించి ఆ ఏడుపు వింటానే ఉన్నా. పిలుస్తావేమోనని చూశా."

"రెండు చచ్చిపోయినయ్యి, రా అక్కా!" అన్నాను.

అక్క కొంగు దోపుకుని వచ్చింది. తొట్టి కడిగించింది, తడిసిన గడ్డి తీయించి పొడిగడ్డి పరిపించింది, కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పూ పంచదారా కలిపి తాపించింది, తర్వాత పలచగా నూకల గంజి. "ఒకేసారి పొయ్యమాక, తల్లి కొంచెం కొంచెమే ఇచ్చేది గదా, నువ్వూ అట్టాగే ఐదారుసార్లు పెట్టు" అంది. అన్నిటికన్నా బక్కదాన్ని ఒళ్లో పెట్టుకుని వేలికి గంజి రాసి నాకించింది. విరోచనాలు కట్టాక తవుడూ వేరుశనగ చెక్కా రోజుకింత అలవాటు చేయించింది. పది రోజులు తిరిగేసరికి మిగిలిన ఏడూ ఒకదాన్నొకటి తోసుకుంటూ తిన్నయ్యి. దేవునికే మహిమ!

చచ్చిన రెండూ తిరిగి రాలేదు. ఈ ఆరేళ్లలోనే జరిగిన అక్క కూతురి పెళ్లికి నేను పోలేదు, ఆ పెళ్లీ మళ్లీ రాదు. అయినా దేవుడు నా మీద ఎంత దయ చూపించాడో! ఇప్పుడు రెండు దొడ్లకూ మేత ఇద్దరం కలిసే కలుపుతాం, మా ఆయన మంచం మీద నుంచి, "మీ కబుర్లకు పందులు కూడా తినటం మానేసి వింటన్నయ్యి" అని నవ్వుతాడు.

ప్రియులారా, మీరు మాట మానేసిన మనిషి ఎవరన్నా ఉంటే ఈరోజు అన్నం తినకముందే వెళ్లండి. ఏం మాట్లాడాలో తెలియకపోతే, తెలియదనే చెప్పండి. ప్రభువుని నమ్ముకుని గడప దాటండి చాలు, మీకన్నా ముందే ఆయన ఆ ఇంటికి పోయి ఉంటాడు. ఆయనకే స్తోత్రం!