అధ్యక్షుడు పోయించిన బాదంపాలు

మా యాకుత్‌పురా గుడి భజన కమిటీ అధ్యక్షుడు ఒక్క చాయ్‌ని నలుగురికి పంచి, ఐదోవాడికి ఆవిరి చూపించే మనిషి. అలాంటివాడు ఆ ఆదివారం మీటింగ్‌లో అందరికీ నిండు గ్లాసు బాదంపాలు, బండిచక్రమంత జిలేబీ పెట్టించాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

గ్లాసులు సగమయ్యాక అసలు సంగతి చెప్పాడు. భజనలు నేర్పే మాస్టారు తనను తాకరాని చోట తాకుతున్నాడని ఎనిమిదేళ్ల పాప వాళ్లమ్మకు చెప్పిందట. ఆ తల్లి ఈయనకు చెప్పుకుంది.

“మాస్టర్‌ను జహనుమా గుడికి పంపిద్దాం. మన లొల్లి మనలనే ఉండాలె,” అన్నాడు.

“జహనుమాల పిల్లలు లేరా అన్నా?” అన్నాను.

“నీకెందుకు భాయ్ గంత ఫికర్? జిలేబీ తిను.”

ఒక్కరూ ఉలిక్కిపడలేదు. వీళ్లకు ముందే తెలుసేమోనని నా అనుమానం ఫలక్‌నుమా గుట్టంత పెరిగింది.

మా కమిటీలో ఏ తీర్మానమైనా వెలిగే కర్పూరం మీద చెయ్యి పెట్టి ఒప్పుకోవాలి. హారతి పళ్లెం వచ్చింది. పది చేతులు టక్కున మంట మీదికి చేరాయి. నేను మాత్రం చేతులు వెనక్కి కట్టుకున్నాను.

“తెలిసి పోలీసులకు చెప్పకుంటే మన మీద గూడ కేసైతది. చట్టం గట్లుంది,” అన్నాను.

“గుడి ఇజ్జత్ పోతది!” అన్నాడు అధ్యక్షుడు.

“మరి పాప సంగతేంది?”

కర్పూరం ఆరిపోయింది. అధ్యక్షుడు ఇంకో జిలేబీ నా ముందుకు జరిపాడు. నేను లేచి వెళ్లి, పాప తల్లిని తోడు తీసుకుని ఠాణాకు నడిచాను. దారి పొడవునా పది జతల చెప్పులు వెంటాడుతున్నట్టే ఉంది. చీమను చూసి ఏనుగని చెప్పే నేను, ఎస్సై రాసుకుంటుంటే ఒక్క ముక్క కూడా పెంచలేదు.